అరచేతులు చూపించే అవుసులాయన

మొన్న అమ్మ కడియాలను గుడ్డలోంచి తీసి చూస్తే ఒకదాని అంచు వెంట నలుపు పట్టి ఉంది. అలాంటివాటికి నాకు తెలిసిన మనిషి ఒక్కడే. జనగామకు ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తింది. ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకు అని మళ్లీ మళ్లీ అడిగి, నేను తొర్రూరు అని, ఫలానా వాళ్ల బిడ్డనని చెప్పుకున్నాక గానీ నమ్మలేదు. అప్పుడు అంది: "మామ పోయిండక్కా. చలికాలంల. రాత్రి పండుకున్నోడు పొద్దుగాల లేవలే. నిద్రల్నే పోయిండు."

నాకు ముందు ఊరట కలిగింది. దుఃఖం తర్వాత వచ్చింది. నిద్రలో పోయాడు, ఎవరి చేతిలోనూ పోలేదు కదా అనుకున్నాను. చావు కబురు విని ఇలా అనుకోవడం తప్పేమో. కానీ ఆయన్ని ఎరిగిన వాళ్లెవరైనా ఇదే అనుకుంటారు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. మా ఊళ్లో ఎవరూ పేరుతో పిలవలేదు. పెద్దవాళ్లకు అవుసులాయన, మాకు కాక. వెండి పని చేసే కుటుంబం. తండ్రి నాడు సుత్తె, ఉలి పట్టి కడియాలు, దండకడియాలు, పట్టగొలుసులు చేసి ఎన్ని ఊళ్లకు ఇచ్చారో లెక్కలేదు. మా అమ్మ పెళ్లినాడు కాళ్లకు ఎక్కిన కడియాలు కూడా వాళ్ల నాయన చేతి పనే. మిషన్ నగలు షాపులకొచ్చాక కొత్తవి చేయించుకునేవాళ్లు కరువయ్యారు. పాతవి బాగుచేయడం, మెరుగు పెట్టడం మాత్రం మిగిలింది. పంటలు ఇంటికొచ్చే రోజుల్లో పాత మోపెడు మీద సంచి కట్టుకుని వచ్చి, తొర్రూరులో చుట్టాలింట దిగి, నర్సింహులపేట దిక్కు ఊళ్లు తిరిగేవాడు. మా తల్లిగారి ఊరు అందులో ఒకటి.

గడప ముందుకు రాగానే ఆయన చేసే మొదటి పని రెండు అరచేతులూ చాపి చూపించడం. ఇటు తిప్పి, అటు తిప్పి, వేళ్లు విడదీసి మరీ చూపించేవాడు. తర్వాత చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేవాడు. జేబులో ఉన్నదంతా అరుగు మీద పెట్టేవాడు: బీడీలు, అగ్గిపెట్టె, కళ్లద్దాల డబ్బా, నలిగిన రుమాలు. ఆ రుమాలు కూడా దులిపేవాడు. ఇంత చేసిగానీ కూర్చునేవాడు కాదు. మా అమ్మకు చిర్రెత్తేది.

"నీ ఇల్లు బంగారం గాను! నేను గీ ఇంటికి వచ్చినప్పటి సంది ఎరుక నువ్వు. నాకెందుకయ్యా గీ చేతులు?"

"నీకు ఎరుకే అక్కా. గోడ అవుతల నుంచి చూసేటోళ్లకు ఎరుకుండాలె గద."

గోడ అవతల ఎవరూ ఉండేవారు కాదు. ఒక బర్రె ఉండేది. ఆయన మాత్రం ఆ గోడ వైపు కూడా చేతులు ఒకసారి చూపించేవాడు.

రెండో పని ఇంకా విచిత్రం. నీళ్ల సీసాలో తెచ్చుకున్న కుంకుడు రసాన్ని గిన్నెలోకి వంపి, చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. మొహం వికారంగా పెట్టి, "తేజాబ్ గాదు, చూసిన్రు గద" అనేవాడు. మెరుగు పెడతామని బండి మీద వచ్చి, నగను తేజాబులో, అంటే యాసిడ్‌లో, ముంచి, తళతళలాడించి ఇచ్చి, కరిగిన వెండిని సీసాలో పట్టుకుపోయే మోసగాళ్లు అప్పటికే ఊళ్ల మీద పడ్డారు. నగ మెరుస్తుంది గానీ సన్నబడుతుంది. వాళ్లు చేసే మోసానికి ఈయన ఇంటింటా చేదు నాకాల్సి వచ్చేది.

నగను చేతిలోకి తీసుకునేవాడే కాదు. పళ్లెంలో పెట్టమనేవాడు. గొలుసైతే ఒక కొస మమ్మల్ని పట్టుకోమని, రెండో కొస తాను పట్టుకుని కుంచెతో రుద్దేవాడు. చిన్నప్పుడు అలా కొస పట్టుకుని కూర్చుంటే నాకు చెయ్యి పీకేది. వదిలేస్తే ఆయన కూడా వెంటనే వదిలేసేవాడు. మధ్యలో ఒంటికి పోవాల్సి వస్తే నగ మా చేతిలో పెట్టి, చేతులు చూపించి, అప్పుడు పోయేవాడు. తిరిగొచ్చి మళ్లీ చూపించేవాడు. మేం నవ్వి చచ్చేవాళ్లం. వెనకాల అరచేతులు చాపి ఆయనలాగా నడిచి చూపించేదాన్ని నేను.

పనిలో పడ్డాక మాత్రం వేరే మనిషి. ఇత్తడి తీగల కుంచెతో కుంకుడు నురగలో రుద్దుతూ, రుద్దుతూ మాటలు వచ్చేవి. చెక్కిన ఆకుల సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోవడం లేదని నేనంటే నవ్వాడు. "గది ఉండనియ్యి బిడ్డా. సందుల నలుపుంటెనే ఆకు కండ్లవడుతది. అంత తెల్లగ చేస్తే రేకు లెక్కుంటది." పళ్లపేస్టుతో తోమానని ఒకసారి మా మరదలు చెబితే, ఆయన తనను ఎవరో గిచ్చినట్టు ముడుచుకున్నాడు. పేస్టు చెక్కుడును అరగదీస్తుందట. తొడుక్కున్న వెండి అంత తొందరగా నల్లబడదట, దాచిన వెండే నల్లబడుతుందట. "పెట్టెల పెట్టినవంటే దానికి రోగం వచ్చినట్టే" అనేవాడు. దాచక తప్పకపోతే ఎలా దాచాలో కూడా చెప్పేవాడు. అది తర్వాత చెబుతాను. ఆయన దాన్ని చివరిసారి చెప్పిన తీరు నాకు మరపురాదు.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. ఒకసారి చాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు. ఏదో ఊళ్లో ఒకామె తన పట్టగొలుసులు అతికించమని ఇచ్చింది. భర్త ఇంట్లో లేడు. సాయంత్రం వచ్చి చూసుకుని, ఒక మువ్వ తక్కువైందన్నాడు. ఈయన్ని పక్క ఊళ్లో పట్టుకుని, తీసుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టేశారు. పోయిన మువ్వ తర్వాత ఆ ఇంట్లోనే మంచం కింద దొరికిందట. ఆ సంగతి ఈయనకు చెప్పడానికి ఎవరూ రాలేదు. మరుసటేడు వేరే ఊళ్లో ఎవరో మాటల్లో అంటే తెలిసింది.

"దొరికిందని తెలిసినంక మనసు కుదుటవడలేదా కాకా?" అని అడిగాను.

"ఎట్ల వడుతది? మువ్వ దొరికింది. మరి నన్ను కట్టేసినోళ్లు గిప్పుడు గూడ ఉన్నరు గద."

అప్పటి నుంచి ఆయనకు ఒక నియమం. మగవాళ్లు ఇంట్లో లేకపోతే నగ ముట్టడు. ఏ వాకిట్లో ఆగినా ముందు అడిగేది ఒకటే మాట: "ఇంట్ల మొగోళ్లున్నరా?" లేరంటే అటు నుంచి అటే వెళ్లిపోయేవాడు. తన ప్రాణం కాపాడుకోవడానికి పెట్టుకున్న మాట అది. వినేవాళ్లకు అది ఎలా వినిపిస్తుందో ఆయనకు ఎన్నడూ తట్టలేదు. నిజం చెప్పాలంటే మాకూ తట్టలేదు.

కొన్నేళ్ల కిందట, మిర్చి కోతల కాలంలో, ఫోన్లలో ఒక కబురు తిరిగింది. కాటారం దిక్కు ఎవరో ముసలామె కాళ్లు నరికి వెండి కడియాలు ఎత్తుకుపోయారని. మా చెల్లెల్ని ఆ దిక్కే ఇచ్చాం. భయమేసి ఫోన్ చేస్తే అది నాకంటే ఎక్కువ వణుకుతోంది. "మాకు గది తొర్రూరు దిక్కు అయ్యిందని చెప్పిన్రక్కా. అమ్మ కడియాలు తీపియ్యిర్రి" అంది. రెండు చోట్లా కానిది ఎక్కడ అయినట్టు? ఆ మాత్రం ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. కుర్రవాళ్లు కర్రలు పట్టుకుని ఊరి మొదట్లో కూర్చున్నారు. నాకూ ధైర్యం లేదు. మా అమ్మకు భయం తెలియదు, ఆమె వాటా కూడా కలిపి నాకే పెట్టాడు దేవుడు. ఆమె పాదాలు కనిపించినప్పుడల్లా చీర కుచ్చెళ్లు కిందికి లాగి కప్పేదాన్ని.

ఆ రోజుల్లోనే అమ్మకు కాళ్లు వాచాయి. నా దగ్గరికి తొర్రూరు తీసుకొచ్చి దవాఖానలో చూపించాను. వాపు తగ్గాలంటే కడియాలు తీయాల్సిందే అన్నారు డాక్టరు. కట్ చేయించండి అని కూడా అన్నారు. అమ్మ దవాఖాన బెంచీ మీదే భీష్మించుకుంది.

"అవుసులాయనకు ఫోన్ చెయ్యి. వేరేటోళ్లు కోస్తరు, ఆయనైతే తీస్తడు."

అదృష్టమో, దురదృష్టమో, ఆయన అప్పుడు తొర్రూరులోనే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఊళ్లోకి వస్తాను, ఇంటికాడ ఉండండి అన్నాడు. మేం ఆటో ఎక్కాం. ఆటో నిండేదాకా డ్రైవరు కదల్లేదు. ఈలోగా ఆయన మాకంటే ముందే ఊరు చేరాడు.

మా ఇంటికి తాళం. తమ్ముడు, మరదలు మిర్చి కల్లం దగ్గర ఉన్నారు. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. ఎండకు మొహానికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడాయన. పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆమెను అడిగాడు: "బిడ్డా, గీ ఇంటికి తాళమేంది? ఎప్పటి సంది లేరు? ఇంట్ల మొగోళ్లు ఎప్పుడొస్తరు?"

ఆ పిల్ల తప్పేముంది? ముఖం కనిపించని మనిషి, బండి మీద సంచి, తాళం వేసిన ఇల్లు, ఆ ఇంట్లో కడియాల ముసలమ్మ ఉంటుందని ఊరంతా ఎరుక. లోపలికి పరుగెత్తి గొళ్లెం పెట్టి మొగుడికి ఫోన్ చేసింది. నేనైతే గొళ్లెం పెట్టాక మంచం కింద కూడా దూరేదాన్ని. ఆయన మాత్రం అక్కడే మా అరుగు మీద కూర్చున్నాడు. మేం ఇంటికాడే ఉంటామని చెప్పాం కదా మరి.

ఆటో దిగేసరికి మా ఇంటి ముందు జనం. మోపెడు పక్కకు పడి ఉంది. సంచి బోర్లించారు. కొయ్య సుత్తె, కుంచెలు, మైనం ముద్ద దుమ్ములో ఉన్నాయి. ఆయన గోడకు ఆనుకుని నేల మీద ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు. సొంత తువ్వాలతోనే చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఆయన భుజాలు మెలిపెడుతున్నాడు. విడిపించుకుని పారిపోవాలని చూస్తున్నాడని మరో దెబ్బ వేశారు. నాకు తెలుసు ఆయన ఏం చేస్తున్నాడో. ఆ అరచేతులు ముందుకు తెచ్చి చూపించాలని చూస్తున్నాడు.

"మా కాకరా! ఇడువుర్రి! మేమే పిలిచినం!" అని అరుచుకుంటూ జనంలోకి దూరాను. నా గొంతు నాకే వినపడలేదు. అమ్మ వెనకాల వాచిన కాళ్లతో ఈడ్చుకుంటూ వస్తోంది.

ఒకడు సీసా ఎత్తి పట్టుకున్నాడు. అందులో గోధుమరంగు రసం. "తేజాబ్ దొరికిందిరో!" అని కేక పెట్టాడు.

"కుంకుడు రసం బాపూ. వట్టి కుంకుడు రసం" అంటున్నాడాయన.

"అయితే తాగు సూద్దాం."

వాడు ఎకసెక్కానికే అన్నాడు. ఈయన నోరు ముందుకు చాపాడు. వాడు సీసా వంచాడు. ఈయన తాగడం మొదలుపెట్టి ఆపలేదు. వాడు సీసా వెనక్కి తీసుకోబోతుంటే పళ్లతో పట్టుకుని తాగాడు. చివరి చుక్క దాకా. ఆ తర్వాత దగ్గు తెర వచ్చింది. దగ్గుతో పాటు నురగ. నోట్లోంచి, ముక్కులోంచి, గడ్డం మీదికి తెల్లటి నురగ.

మా దిక్కు ఊళ్లలో మనిషి నోట నురగ వస్తే దాని అర్థం పిల్లలకు కూడా తెలుసు. పురుగుల మందు తాగినవాళ్లను చూడని వాడకట్టు లేదు. సీసా పట్టుకున్నవాడి చేతిలోంచి అది జారిపోయింది. అందరూ వెనక్కి, వెనక్కి జరిగారు. ఎవరో ఏడుపు గొంతుతో అన్నారు: "మందురా గది! సచ్చిపోతడు. మన మీదికొస్తది." ఇంకొకడు పక్కింటి వైపు ఉరుకుతూ అరిచాడు: "కుంకుడు రసం ఉన్నదా? జల్ది తే! తాపితే కక్కుతడు!"

అప్పటికి అమ్మ చేరింది. ఆయన పక్కన కూలబడి, మొహం దగ్గరికి తీసుకుని వాసన చూసింది. తల ఎత్తి అందరి వైపూ చూసింది.

"ఆయన తాగింది గదేరా, మీ మొహాలు మండ!"

ఎవరూ నవ్వలేదు. ఇవాళ రాస్తుంటే నవ్వొచ్చే మాటే అది. ఆ పూట మాత్రం తువ్వాల ముడి విప్పుతుంటే నా గోళ్లు విరిగాయి. అమ్మ ఆయన వీపు నిమిరి కక్కించింది. నీళ్లు తాపింది. కల్లం నుంచి తమ్ముడు ఉరికొచ్చాడు. చేతులు ముందుకు రాగానే ఆయన చేసిన పని, రెండు అరచేతులూ చాపి, జనం వైపు తిప్పి పట్టుకోవడం. చాలాసేపు దించలేదు.

ఇంట్లోకి తీసుకెళ్లి పడుకోబెడదామన్నాను. రానన్నాడు.

"పని వట్టకుంట లోపటికి పోతే ఏమనుకుంటరు బిడ్డా? దాసుకున్నడంటరు. ఈడనే, అందరి ముందట తీస్త. అక్కా, కాలు పెట్టు."

వద్దన్నాం. పోయి రమ్మన్నాం. వినలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని కాలు చాపింది. జనం పోలేదు, కొట్టినవాళ్లు కూడా అక్కడే నిలబడి చూస్తున్నారు. తమ్ముడు పక్కింట్లోంచి తెచ్చిన కుంకుడు నురగ అమ్మ మడమకు రాశాడాయన. కడియం రెండు కొసల మొగ్గల మధ్య కొయ్య చీల పెట్టి, సుత్తెతో తట్టి, వెంట్రుకవాసి, వెంట్రుకవాసి విప్పాడు. ప్రతి దెబ్బకూ తల ఎత్తి జనాన్ని చూశాడు. చెయ్యి వణికి ఒకసారి సుత్తె జారి అమ్మ చీలమండకు తగిలింది. అమ్మ పెదవి బిగబట్టింది గానీ అబ్బా అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకు కూడా అర్థమైంది. మా అమ్మ భయపడటం నేను చూసింది అప్పుడే.

రెండు కడియాలూ ఊడొచ్చాయి. ఎన్నేళ్లుగానో ఎండ తగలని చోట కాళ్ల చుట్టూ తెల్లటి పట్టీలు. ఆయన కడియాలను కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పళ్లెంలో పెట్టి తమ్ముడి చేతికిచ్చాడు. తీసుకుపోయి బాగుచేసి తెస్తావా అని నేను అడగను కూడా అడగలేదు. అప్పుడు మొదలుపెట్టాడు, నాకు చెబుతున్నట్టుగా, వాళ్లందరికీ వినపడేటట్టు గట్టిగా:

"తడి లేకుంట ఆరవెట్టాలె బిడ్డా, నీడకు. మెత్తటి నూలుగుడ్డల సుట్టు. రెంటికీ వేరే వేరే సుట్టు, ఒకదానికొకటి రాసుకోవద్దు. పేపర్ల సుట్టకు. రబ్బరు బ్యాండు ఎయ్యకు, ఏసిన కాడ నల్లటి గీత వడతది. డబ్బల ఒక సుద్దముక్క ఎయ్యి, చెమ్మ గుంజుకుంటది. నల్లవడితే జర ఇబూదితోటి రుద్దు, సాలు. ఎవ్వలకు ఇయ్యకు. మెరుగు పెడతమని వచ్చెటోళ్లను నమ్మకు. ఎవ్వల్ని నమ్మకు."

సీసా పట్టుకున్న కుర్రాడు ముందుకొచ్చాడు. "ఏమనుకోకు కాకా. ముందుగాల్నే చెప్పొద్దా? మాకేమెరుక" అన్నాడు. ఈయన వాడికి రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదే బాపూ. అడగరాని మాట అడిగిన."

నాకు ఆ మాటకు వచ్చినంత కోపం దెబ్బలకు కూడా రాలేదు. ఏదో అనబోతే అమ్మ నా చెయ్యి నొక్కింది.

చాయ్ పెట్టిస్తే తాగలేదు. సామాను ఏరి సంచిలో వేసుకున్నాడు. ప్రతి వస్తువూ ఎత్తి చూపించి వేసుకున్నాడు. తమ్ముడు మోపెడు లేపి, దులిపి, "స్టార్ట్ చేసిస్త కాకా, తొర్రూరు దాక ఎంబడి వస్త" అన్నాడు. ఈయన హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు. స్టార్ట్ చేస్తే ఉరుకుతుండంటరు."

బండిని తోసుకుంటూ బయల్దేరాడు. అడుగు తొందరగా పడకుండా చూసుకుంటున్నాడు. నేను, తమ్ముడు కొంత దూరం వెనక నడిచి, ఊరి చివర ఆగిపోయాం. ఆయన తారురోడ్డు ఎక్కాడు. ఆఖరి ఇల్లు కూడా దాటాడు. ఆ పైన అటూ ఇటూ మిర్చి చేలే గానీ మనిషి జాడ లేదు. ఇప్పుడు స్టార్ట్ చేస్తాడు, ఇప్పుడు చేస్తాడని చెవులు రిక్కించి నిలబడ్డాను. మలుపు తిరిగేదాకా ఆయన బండిని తోసుకుంటూనే పోయాడు.